పసుపు గిన్నెలో మొక్కజొన్న పుప్పొడి

మా కోడలు దేనిమీద చదువుతున్నదని ఎవరన్నా అడిగితే మా ఇంట్ల ఒక్కొక్కలం ఒక్కో తీరు చెప్తం. నేను పువ్వు మీద అంట. మా ఆయన దుమ్ము మీద అంటడు. బతుకంత బొగ్గుబాయిల పని చేసి దిగిపోయిన మనిషి, ఆయనకు దుమ్మంటే మస్తు గౌరవం. మా కొడుకు ఇంగ్లీషుల పొడుగు మాట ఒకటి చెప్పి చెప్పులేసుకొని బయటికి పోతడు. అడిగినోళ్ళు ముగ్గురు మూడు చదువులు చేస్తున్నరనుకొని పోతరు.

అసలు సంగతి నాకు కోడలే చెప్పింది, పొయ్యి కాడ కూసొని చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట.

"అత్తమ్మా, మన ఒంట్లనైనా చెట్టులనైనా ప్రతి కణంల సన్నటి తాళ్ళసుంటియి ఉంటయి. కణం కూలకుంట నిలబెట్టేది అవే, లోపటి సామాను అటిటు మోసేది అవే. ఆ తాడు పేనే పదార్థాన్ని యాక్టిన్ అంటరు. దాన్ని ఎట్ల చెయ్యాల్నో చెప్పేది జీన్."

"ఒక్కటేనా జీను?"

"అదే తమాషా. ఒక్క మొక్కలనే చానా ఉన్నయి. అన్నీ ఇంచుమించు ఒక్క తీరు తాడే పేనుతయి. కొన్నేమో ఆకుల, కాండంల, ఏర్ల దినాం పని చేస్తయి. కొన్నేమో పండుకోనే ఉంటయి. మగపువ్వుల పుప్పొడి పండే ఏళకే లేస్తయి."

నాకు నవ్వొచ్చింది. "మా అటక మీది గుండిగల లెక్కనా? దినాం వండే గంజు వేరు, పెండ్లికి దించే గుండిగ వేరు. రెండిట్ల ఉడికేది అన్నమే."

"అవ్ అత్తమ్మా! ఏ గుండిగ ఎప్పుడు దిగుతదో చూసుడే నా పని."

"మరి పుప్పొడికి ఏం పెండ్లున్నదని?"

"లేకేం? కంకి మీది పీచు చూసినవ్ గద. పుప్పొడి రేణువు ఆ పీచు కొసకు పడ్డంక, పీచు లోపట నుంచి ఒక గొట్టం పెంచుకుంట కింద గింజ దాంక పోవాలె. రేణువేమో కంటికి ఆనదు, పోవాల్సిందేమో జానెడు. తాళ్ళు లేకుంటే ఏం పోతది?"

నేను మొక్కజొన్న చేన్ల పుట్టి పెరిగినదాన్ని. గింజకొక పీచుంటదని తెల్సు. పీచు లోపట గింత ప్రయాణం నడుస్తదని తెల్వదు. ఆనాటి సంది కంకులు కాల్చుకుంట పీచు పీకి పొయ్యిల ఏసేటప్పుడు చెయ్యి కొద్దిగ ఎనకాడుతున్నది.

మాది కొత్తగూడెం దాటి, భద్రాచలం తొవ్వల, అడివి అంచుకు చెలక. కంపెనీకి విత్తనం మొక్కజొన్న ఏస్తం. ఇన్ని సాళ్ళు ఆడయి, పక్కన ఒక సాలు మగది. ఆడ సాళ్ళల్ల మగపూత తొంగిచూసుడుతోనే మా ఆడోళ్ళం గుంపుగ పోయి పీకేస్తం. ఒక్కటి మర్చిపోయి పుప్పొడి రాలిందా, విత్తనం కలితీ అయిపోయింది. మా కోడలు సదివే యూనివర్సిటీల కూడ గిదే రకం మడి ఏసిన్రట. కోతులు పడి మొత్తం నమిలినయట. అడివి పక్కన మేం పందుల నుంచి కాపాడుకుంటున్నం, పట్నంల కోతుల నుంచి కాపాడే దిక్కు లేదు. వాళ్ళ సారు గట్టిగనే చెప్పిండట. "ఈ పంటతోని నమూనాలు తెచ్చుకుంటే సరే. లేకుంటే ఈ అంశం ఇడిచిపెట్టి వేరేది చూసుకో." అన్నేండ్ల చదువు ఇడిచిపెట్టుమంటే ఏమైతది? అందుకే మా చేనుకొచ్చింది.

చేన్ల పూతకు కొదువ లేదు. చిక్కంత ఎక్కడంటే, జీను లేస్తే కణంల ఒక కబురు పుడ్తదట. ఆ కబురు చూసే లేచిందని తెలుసుకుంటరట. పువ్వు తెంపినమా, కబురు కరగబట్టే. అందుకని తెంపిన క్షణమే గడ్డకట్టియ్యాలె. మామూలు ఐసు చాలదు, పొగలు గక్కే నైట్రోజన్ నీళ్ళు కావాలె. పట్నం నుంచి ఆ డబ్బా పట్టుకొనే బయలెల్లిందట మా పిల్ల. డ్రైవరు చూసి, "పొగొచ్చేది ఏదైనా నా బస్సు ఎక్కనియ్య" అన్నడట, చేతిల బీడీ ఆర్పుకుంట.

డబ్బా లేకుంట వచ్చి అరుగు మీద కూలబడ్డది. అప్పుడు మా ఆయన అన్నడు, "గా పొగడబ్బా మనూర్లనే ఉన్నది గద, బర్రెల సూదాయన దగ్గర."

బర్రె ఎదకొస్తే దున్నపోతు కోసం ఎతికే కాలం పోయింది. సూదాయన బండి ఎనక డబ్బా కట్టుకొని ఊరూరు తిరుగుతడు. దాంట్ల పొగనీళ్ళల్ల దున్నల బీజం సన్నటి పుల్లలల్ల గడ్డకట్టి ఉంటది. కోడలు పోయి అడిగితే ఆయన తల గోక్కున్నడు.

"మేడమ్, ఈ డబ్బాల ఇప్పటిదాంక దున్నలే తిరిగినయ్. పువ్వులు తిరగలే."

"రెండూ మగయే గదన్నా" అన్నది మా కోడలు.

ఆయన నవ్వుకుంట బండికి స్టాండు ఏసుడు మర్చిపోయిండు. డబ్బాతోని సహా పడబోతుంటే మా ఆయన ఆపిండు. ఆ నవ్వుతోనే పని అయిపోయింది.

డబ్బాల రంగురంగుల ప్లాస్టిక్ గిన్నెలుంటయి. ఒక్కో రంగుల ఒక్కో దున్నది. మా దిక్కు ఎవ్వలకూ దున్నల జాతి పేర్లు తెల్వవు, రంగే తెల్సు. ఒకప్పుడు పసుపు గిన్నెల దున్న బీజానికి పుట్టిన దూడలు బలంగ, పాలెక్కువ ఇచ్చేటియి అయినయి. ఇగ అప్పటి సంది ఏ ఊర్లనైనా "పసుపుదే ఏయ్" అనుడే. సంబంధం మాట్లాడుకునేటప్పుడు కూడ "వాళ్ళింట్ల పసుపు గిన్నె బర్రెలున్నయట" అని చెప్పుకుంటరు. కానీ ఆ దున్న బీజం పైనుంచి వచ్చుడు ఎప్పుడో బందైంది. ఆ సంగతి సూదాయనకొక్కనికే తెల్సు. చెప్తే పిలిచేటోళ్ళు తగ్గుతరని, పసుపు అడిగినోళ్ళకు కూడ ఎర్రదాంట్ల నుంచో ఆకుపచ్చదాంట్ల నుంచో తీసి, అటు తిరిగి ఏసి వస్తుండె. పసుపు గిన్నె ఊకె ఖాళీగ ఉండె. దాన్నే మా కోడలికిచ్చిండు.

"కానీ మేడమ్, గిన్నె డబ్బా మెడ దాటి పైకి రావొద్దు. గాలి తలిగితే లోపలిది ఖతం."

"నాకూ గదే కావాలెనన్నా."

డబ్బా మా ఇంట్ల పెట్టుకుంటే ఆయన పని ఆగుతది. అందుకని పొద్దుగాల ఆయన వస్తడు, కోడలు ఆనాటి పువ్వులు సన్నటి గొట్టాలల్ల నింపి గిన్నెల ఏస్తది, పువ్వులు ఆయనెంబడి దున్నల పక్కన కూసొని ఊర్లు తిరిగి మల్ల తెల్లారి వస్తయి. మొదట్ల పూత ఇంకా మొవ్వులనే దాక్కొని ఉన్నప్పుడు, కాండం చీల్చి లేత మొగ్గలు తీసింది. తర్వాత సగం ముదిరినయి. చివరికి గాలికి రాలే పసుప్పచ్చటి పుప్పొడి. దాని కోసం మగ సాలు కింద కాయితం సంచి పట్టుకొని పొద్దున్నే నిలబడేది. పక్క సాళ్ళల్ల మగపూత పీకే మా ఆడోళ్ళకు ఇంకేం పని?

"ఓ కోడలా, మేం మొగోళ్ళను పీకి పారేస్తున్నం. నువ్వు ఒడి పట్టి ఏరుకుంటున్నవ్!"

"దుమ్ము దులుపుతున్నదే. ఇంట్ల ఊడ్వదు గని చేన్ల దులుపుతది."

"ఊడుస్త పెద్దమ్మా, ముందు దీన్ని గడ్డకట్టనియ్" అనేది కోడలు, రెప్పల మీద పుప్పొడితోని.

పండిన పుప్పొడి గొట్టాలు గిన్నెల పడ్డ నాడే, పొద్దుమీకి మగ సాళ్ళన్ని కోసి పశువులకేసినం. అది మా పద్ధతే. పుప్పొడి రాలినంక మగ మొక్క నిలబడితే దాని గింజ విత్తనంల కలుస్తది, అందుకే ఉండనియ్యరు. తెల్లారి మా కోడలి సారు పంపే బండి ఇంకో పొగడబ్బాతోని వస్తది, గొట్టాలు దాంట్లకు మార్చుకొని పోవుడే. అంటే ఇప్పుడు చేన్ల ఒక్క మగపువ్వు లేదు. ఉన్నదంత సూదాయన డబ్బాల ఉన్నది.

తెల్లారింది. సూదాయన రాలే. ఇంటికి పోతే ఆయన పెండ్లాం పేడ తీస్తున్నది.

"మా ఆయన దావత్‌కు పోయిండక్కా, చుట్టాలింటికి. డబ్బా మా తమ్మునికిచ్చిండు. వాడు కొత్తగ నేర్చుకున్నడు గద. పినపాక దిక్కు పిలుపులొచ్చినయని జల్దీ పోయిండు."

"మా గొట్టాల ముచ్చట మీ తమ్మునికి చెప్పిండా?"

"ఏం గొట్టాలు?" అన్నది ఆమె.

ఫోన్ చేస్తే అడివిల సిగ్నల్ లేదు. మా ఆయన ట్రాలీ ఆటో తీసిండు. నేను, కోడలు ఎనక ఎక్కినం. నిన్న కోసిన మగ మొక్కల గడ్డి దాంట్ల ఇంక కొద్దిగుండె, దాని మీదనే కూసున్నం. కోడలు ఆ గడ్డిల చెయ్యి పెట్టి కెలుకుతున్నది, ఒక్క పూతన్నా దొరుకుతదేమోనని. అన్నీ రాలిపోయినయే.

మొదటి ఊర్ల ఒకాయన ఇంటి ముంగట బర్రె నెమరేస్తున్నది.

"వచ్చిండు, పోయిండు. పసుపుదే ఏయుమన్న. చూస్తే దాంట్ల దున్నది లేదు, ఏందో గింజలసుంటియి ఉన్నయి."

"ఎట్ల చూసిన్రు పెదనాయనా?" కోడలు అడిగింది.

"గిట్ల" అని ఆయన రెండు చేతులు నెత్తి మీదికి లేపిండు, జాతరల పిలగాన్ని ఎత్తి దేవుణ్ణి చూపెట్టినట్టు. "ఎండకు పట్టి చూసినం. అందరం చూసినం."

కోడలు గిరుక్కున తిరిగింది. ఆటో ఎక్కి రాడ్డు పట్టుకున్నది. ఆమె చెయ్యి పట్టుకుంటే పొగనీళ్ళల్ల ముంచి తీసినట్టున్నది.

రెండో ఊర్ల ఇంకా ఘోరం. అక్కడ బర్రెకు ఎర్రదే ఏసిండట గని, ముచ్చట అప్పటికే ముందుకు పోయింది, పసుపు గిన్నెల కొత్త జాతి వచ్చిందని. బర్రె లేనోళ్ళు కూడ వచ్చి చూసిన్రట.

"ఏం జాతి బిడ్డా అది?" ఒకామె అడిగింది.

"మొక్కజొన్న" అన్నది కోడలు.

"ఓహో" అన్నదామె, తెల్సినట్టు తలూపి. "ఏ రాష్ట్రందది?"

మా ఆయన ఇగ ఆటోను ఆటో లెక్క నడపలే. గుంతల మీదికెల్లి ఎగిరితే నా కొప్పు ఊడింది. "మెల్లగ పో" అంటే "బాయిల గాలి తగ్గితే మెల్లగ నడుస్తమా?" అన్నడు.

వాగు దాటినంక చిన్న గూడెం. చింతచెట్టు కింద రెండు బొంగుల నడుమ బర్రెను కట్టేసిన్రు, అది ఆకాశం ఇరిగేటట్టు అరుస్తున్నది. చుట్టు జనం. నడుమ సూదాయన బామ్మర్ది, భుజం దాంక రబ్బరు తొడుగు. ఇంకో చేతిల పటకారు. పటకారు కొసకు మా గొట్టం! దాన్ని బర్రెకేసే పొడుగు సూది గొట్టంల ఎట్ల దూర్చాల్నా అని తిప్పి తిప్పి చూస్తున్నడు.

"ముంచు!" అని ఒర్లింది మా కోడలు. "అన్నా, ముంచు దాన్ని, ముందుగాల ముంచు!"

వాడు బెదిరి గొట్టాన్ని డబ్బాల జారవిడిచిండు. పొగ లేచింది. అందరు దండం పెట్టిన్రు, ఎందుకో వాళ్ళకూ తెల్వదు.

బర్రె గల్ల ముసలమ్మ కర్ర పట్టుకొని ముందుకొచ్చింది. "ఎవలే నువ్వు? నా బర్రె వంతు నడుస్తుంటే అడ్డమొస్తవు?"

"అమ్మమ్మా, అది నాది. దాంట్ల దున్నది లేదు. మొక్కజొన్నది ఉన్నది."

"మొక్కజొన్నదైతే ఇంక మంచిదే. బర్రె తింటది."

"తినేది ముందట నుంచి గదవ్వా" అన్నడు గుంపుల నుంచి ఒకడు. "ఈయన ఎనకెటు పోతున్నడు?"

జనం నవ్విన్రు. ముసలమ్మ నవ్వలే. కర్ర అడ్డం పెట్టి, "నాకు పసుపుదే కావాలె. నా ఇంట్ల ఉన్న పడ్డదూడ పసుపుదే, చూసుకోపోర్రి. పసుపుది ఏసినంకనే డబ్బా కదలాలె" అన్నది. వాడు పాపం మల్ల గిన్నె మీద చెయ్యేసిండు, తీసి దాంట్ల నిజంగ దున్నది లేదని చూపెట్టి ఒడగొడదామని. కోడలు ఆ చెయ్యి పట్టుకున్నది. అటు ముసలమ్మ కర్ర, ఇటు కోడలి పట్టు, నడుమ బర్రె అరుపు.

నేను పోయి ముసలమ్మ పక్కన నేల మీద చతికిలబడ్డ. కూసుంటే కోపం సగం దిగుతది, నిలబడి ఎవ్వలమూ తగ్గం.

"అవ్వా, ఎదకొచ్చిన బర్రె తెల్లారితే ఆగుతదా?"

"ఆగదు. ఈ తాప పోతే మల్ల ఎప్పుడో. అందుకే గద."

"ఈ పిల్లది కూడ గంతే. ఆ గొట్టాలల్ల పువ్వు పండిన ఏళ పట్టి పెట్టింది. చేన్ల మగ సాళ్ళు నిన్ననే కోసేసినం. ఇగ లేదు. గాలి తలిగితే పోతది. ఇప్పటికే ఊరూరు ఎత్తి చూసిన్రు."

ముసలమ్మ చేతుల కర్ర కొద్దిగ కిందికొచ్చింది. కోడలి దిక్కు చూసింది. "ఎన్ని దినాల సంది పట్టినవే?"

"మొగ్గ ఉన్నప్పటి సంది అమ్మమ్మా."

"మరి నా పసుపు దున్న?"

అందరం బామ్మర్ది దిక్కు చూసినం. వాడు నేల దిక్కు చూసిండు. "పసుపుది వచ్చుడు బందై చాన్నాళ్ళైందట. మా బావ నిన్న రాత్రి ఫోన్ల చెప్పి, ఎవ్వలకూ చెప్పొద్దన్నడు. గిన్నె ఖాళీదనుకున్న. ఖాళీ కాకపోయేసరికి నేనూ ఆగమైన."

గూడెం గూడెం గొల్లుమన్నది. అయితే పోయినేడు మాకేసింది ఏంది? మా దూడ ఎవనిది? ఒకామె తన దూడను తోలుకొచ్చి నడుమ నిలబెట్టింది. అందరు దాని చుట్టు తిరిగి, నడుము నిమిరి, చెవులు గుంజి చూసిన్రు. దూడ నిగనిగలాడుతున్నది.

ముసలమ్మే తేల్చింది. "ఎవడైతేంది, మంచోడే. నాకు పచ్చదే ఏయ్. కానీ మీ బావ రాగానే నా దగ్గరికి పంపు. నా కర్రకు రంగు లేదని చెప్పు."

పచ్చ గిన్నెల పుల్ల తీసేటప్పుడు ఇరవై మంది ఒక్కసారే "మెడ దాటనియ్యకు!" అని ఒర్రిన్రు. వాడు మెడ కిందనే పట్టి తీసి ఏసిండు.

డబ్బాను ఆటోల నా తొడల నడుమ పెట్టుకొని వచ్చిన. పొగ సన్నగిల్లింది. కోడలు మూత మీద చెయ్యి తీయలే. ఇంటి ముంగట సారు పంపిన బండి నిలబడి ఉండె. గొట్టాలు అటు మార్చి, కాళ్ళు కూడ కడుక్కోకుంట అదే బండిల పోయింది.

ఆ వారమంత మా ఇంట్ల ఎవ్వలం ఫోన్ దూరం పెట్టలే. మా ఆయన స్నానానికి పోతే కూడ కవర్ల చుట్టి గోడ మీద పెట్టుకున్నడు. సూదాయన ఒకనాడు చేతులు కట్టుకొని వచ్చి అరుగు కింద నిలబడ్డడు. "తప్పైందక్కా" అన్నడు. చాయ్ పోసిన. తాగినంక కూడ పోకుంట కూసున్నడు, ఆయనకూ ఏమైందో తెలవాలె.

ఆ చాయ్ గ్లాసు ఇంక ఆయన చేతిలనే ఉండంగ మోగింది.

"అత్తమ్మా, పండిన పుప్పొడి మంచిగున్నది! అవి మరీ సన్న గొట్టాలు గద, సందులల్ల నుంచి జారి గిన్నె అడుగున పడ్డయి, గిన్నె ఎత్తినా అడుగున నిలిచిన పొగనీళ్ళల్లనే మునిగి ఉన్నయి. పండుకున్న జీన్లు లేచినయి అత్తమ్మా, ఆకులల్ల జాడ లేనియి దీంట్ల గుప్పుమంటున్నయి. సారు కూడ కుర్చీల నుంచి లేచిండు."

"మరి మిగిలినయి?"

"లేత మొగ్గలయి, సగం ముదిరినయి పోయినయి. అవే పైన ఉండె, అందరు చూసింది వాటినే. అవి కూడ ఉంటెనే, ఎప్పుడు లేచినయో చెప్పొచ్చు. లేచినయని చెప్తే సగమే."

"సారు ఏమన్నడు? ఇడిచిపెట్టుమన్నడా?"

"లేదు. మొగ్గలు తెస్తే చాలన్నడు. కానీ ఇప్పుడు యాడ తేను? చేన్ల మగ సాళ్ళన్ని కోసేసినం గద."

నేను నోరు తెరిచేలోపట మా ఆయన లేచి మూలకున్న పార తీసుకొని ఇంటెనక పెరట్లకు పోయిండు. ఎనకనే సూదాయన గ్లాసు కింద పెట్టి లుంగీ ఎగ్గట్టిండు.

"ఏం చప్పుడు అత్తమ్మా అది?" అన్నది కోడలు.

"సాలు పెడుతున్నరు బిడ్డా. మీ మామ మగ సాలు ఏ దిక్కు ఉండాల్నో అడుగుతున్నడు, చెప్పు."